ముప్పై రెండా, అరవై నాలుగా

ఆయన కౌంటర్ మీద పెట్టింది కంప్యూటర్ కాదు,
నోటు పుస్తకం.
మైనపు గుడ్డ అట్ట, రబ్బరు బ్యాండు,
ప్రతి పేజీలో పెన్సిలుతో గీసిన నాలుగు గళ్ళు.
"మెమరీ కావాలి. ఎంతన్నది మీరు చెప్పాలి."

కార్వినాలో నవంబరు. నాలుగింటికే చీకటి.
షాపులో నేనూ, హీటరూ, ఆయనా.
పేరు ఓల్డ్రిఖ్ కుబాలా.
ముప్పై ఒక్కేళ్ళు బొగ్గు గనిలో సర్వేయరు.
కింద తవ్వుతుంటే పైన వీధి
ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో
కొలిచి రాయడం ఆయన పని.
ఆపడం కాదు.

ఇప్పుడు ఊళ్ళు కట్టే ఆట ఆడుతున్నాడు.
పదహారు చాలని డబ్బా మీద ఉంది.
డబ్బా మీద రాసినవాడికి
ఈయన మోడ్ల సంగతేం తెలుసు?
మూడు వేల ఎనిమిది వందల పన్నెండు.
పాత రంగు ట్రాములు, మసి పట్టిన పొగగొట్టాలు,
ఏడు రకాల బెంచీలు,
చెత్తబుట్టల మీద మంచు పేరుకునేలా చేసేది ఒకటి.
లోడింగ్ గీత తొంభై మూడు దాకా పాకి
అక్కడ అలకపాన్పు ఎక్కుతుంది.

"మెమరీ బీరువా కాదండీ, బల్ల.
బీరువా అంటే డిస్కు.
బల్ల మీద చోటు చాలకపోతే
మెషీను ప్రతి ఇటుకకీ
బీరువా దాకా నడిచి వెళ్ళొస్తుంది."
రోజుకి నాలుగుసార్లు చెప్పే మాటే.
మెమరీ మీద శ్లేష మాత్రం కట్టను,
కట్టినవాళ్ళకి తగ్గింపూ ఇవ్వను.

పుస్తకం తిప్పాను.
ఉదయం ఆరూ పది: ఖాళీ నేల, తొమ్మిది.
చెట్లు: పధ్నాలుగు.
పట్టాలు: పదిహేనున్నర.
అక్కణ్నుంచి అప్పు మీద నడిచింది,
పందొమ్మిది, ఇరవై నాలుగు.
ఆ తర్వాత ఎవరూ ఏమీ కట్టకపోయినా
గంటకి పావు, గంటకి పావు.
దాని కింద రెండు గీతలు.

"కుంగుతోంది," అన్నాడు.
"కాదు, కారుతోంది," అన్నాను.
తీసుకున్న చోటు తిరిగివ్వని మోడ్ ఏదో
చాప కింద నీరులా.

మూడు సాయంత్రాలు వెతికాడు,
సగం తీసి సగం ఉంచి,
ఆ సగంలో మళ్ళీ సగం.
దొరికింది: చెత్తబుట్టల మీద మంచు.
ఊరు మొత్తానికి ఉన్నవి రెండే బుట్టలు.

ఇంకా కట్టాల్సినవి నలభై ఏడు ఇళ్ళు.
ఒక్కోటి అరవై మెగాబైట్లు.
బిల్లు వెనక లెక్కవేసి చూపించాను, మూడు లోపే.
"ముప్పై రెండు సరిపోతుంది,
మోచేతులు దగ్గర పెట్టుకుని కూర్చుంటే.
అరవై నాలుగైతే మోచేతుల ఊసే ఉండదు.
ధర రెండింతలు పైనే.
తర్వాత చేర్చుకుందాం అనుకోకండి,
మీ బోర్డుకి గాట్లు రెండే."
దుప్పటి చూసుకుని కాళ్ళు చాపే మనుషులంటే
మా యజమానికి గిట్టదు.
ఆయన ఆ పూట షాపులో లేడు.

కుబాలా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
చాలాసేపు తుడుచుకున్నాడు.
"నలభై ఎనిమిదో ఇల్లు ఆ వీధిలో లేదు.
నేనే కొలిచాను. ముప్పై రెండు ఇవ్వండి."

డిసెంబరులో మళ్ళీ వచ్చాడు, టోపీ మీద నిజం మంచుతో.
ఊరు తెరుచుకుందట.
ఇరవై ఎనిమిదీ ఆరు దగ్గర నిలిచిందట,
పన్నెండు గంటలు వెంట్రుకవాసి కూడా కదల్లేదట.
అయినా మొహంలో సంతోషం లేదు.

"ఆ ఆట ప్రతి ఇంటినీ నిటారుగా నిలబెడుతోంది.
ఆ వీధిలో నిటారు గోడ నేను చూడలేదు.
రొట్టెల కొట్టు ఉత్తరానికి రెండు డిగ్రీలు.
బడి, మూడుకి కాస్త తక్కువ.
పాత లెక్కలన్నీ ఉన్నాయి నా దగ్గర."
గొంతు తగ్గించాడు, అప్పు అడిగేవాడిలా.
"అన్నిటినీ వంచితే
మెమరీ ఎంత పెరుగుతుంది?"

"ఏమీ పెరగదు," అన్నాను.
"ఇల్లు ఎటు వంగినా ఇంటి బరువు ఇంటిదే."

నమ్మలేదు. ఇంకోసారి చెప్పించుకున్నాడు.
తర్వాత పెన్సిలు తీసి,
నాలుగు గళ్ళ పక్కన ఐదోది గీసి,
అందులో సున్నా వేసుకున్నాడు.